ముప్పై అడుగుల ముఖం

వైశాఖమాసపు మధ్యాహ్నం. జగిత్యాల ఖిల్లా పక్క మైదానంలో, కొలిమిని బోర్లించినట్టున్న ఆకాశం కింద, త్రిపుర కళావైభవ సమితి వారి ప్రథమ మహోత్సవం ప్రధాన అతిథి కోసం చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. త్రిపురాలంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. నామకరణం చేసినవారికి పురాణం సగమే తెలిసినట్టుంది. ఆ త్రిపురాలకు చివరికి ఏ గతి పట్టిందో ఎవరైనా చెప్పి ఉంటే ఇంకో పేరు వెతుక్కునేవారు.

మైదానానికి పడమటి హద్దుగానూ, స్టాళ్ల వరుసకు వెనుకగోడగానూ ముప్పై అడుగుల వెడల్పు ఫ్లెక్సీ ఒకటి కట్టారు. దాని నిండా ప్రధాన అతిథి వదనారవిందం. ముఖం రహదారి వైపు, వీపు కళాకారుల వైపు. టెంటు గుడ్డలు చాలకపోవడంతో వేరే వెనుకగోడ లేదు. స్టాళ్ల గుంజలన్నిటినీ ఆ ఫ్లెక్సీ చట్రానికే తాళ్లతో బిగించారు. కళకు ప్రభువుల అండ అంటే ఏమిటో అంతకన్నా స్పష్టంగా ఏ పండితుడూ వివరించలేడు. పొద్దు పడమటికి వాలేకొద్దీ ఆ ముఖం తిరగబడి, కుడి ఎడమై, స్టాళ్లలోకి ప్రకాశించసాగింది. నడిమి స్టాల్లో, తాను బొమ్మలు వేసిన గుడ్డ పటం ముందు కూర్చున్న స్వరూప నడినెత్తి మీద తాంబాళమంత కన్ను ఒకటి, రెప్ప వేయకుండా, ఆమెను పర్యవేక్షిస్తూ ఉంది.

స్వరూపకు ఏవగింపు కొత్త కాదు. కాని ఇంత నిండుగా, ఇంత సమగ్రంగా ఎన్నడూ కలగలేదు. తాగునీటి డ్రమ్ములో ఈగలు తేలుతున్నాయి. గుంజ మొదట్లో ఎవరో ఉమ్మిన గుట్కా, ఆమె ఏళ్ల తరబడి రంగురాయి అరగదీసి సాధించిన ఎరుపుకు పోటీగా ఎండుతూ ఉంది. వచ్చిన రసికులు పటానికి వీపు చూపించి, ఫోన్లకు పళ్లు చూపించి, కదిలిపోతున్నారు. ఒక పెద్దమనిషి పటం అంచుతో నుదుటి చెమట తుడుచుకోబోయాడు. వద్దంటే, "గుడ్డనే గద" అని చిన్నబుచ్చుకున్నాడు.

అది గుడ్డే. సిరిసిల్లలో ఆమె భర్త సాంచాల మీద నేసిన గుడ్డ. ఆ గుడ్డ మీదికి దేవుళ్లను దింపే విద్య ఆమె మామగారిది. ఆయన కాలం చేశాక కుంచె కోడలి చేతికొచ్చింది. చింతగింజల గంజీ, సుద్దా, బంకా కలిపి గుడ్డకు పూత పెట్టే పని అత్త లస్మవ్వది. ఆ పని లేని వేళల్లో లస్మవ్వ బీడీలు చుడుతుంది. ఆకు కోసే కత్తెర ఆమె నడుము సంచిలో లేని ఘడియ లేదు. నిద్రలో కూడా తడిమి చూసుకుంటుందని కోడలి వాంగ్మూలం.

పటం మాత్రం వారిద్దరిదీ కాదు, దుర్గయ్యది. కల్లు గీసే కులస్థుల ఊళ్లలో పటాన్ని నిలువుగా కట్టి, ఒక్కొక్క బొమ్మల గడే విప్పుతూ వారి కులదేవుడు కాటమయ్య కథ చెప్పడం ఆయన వంశవృత్తి. పాత పటం చీకిపోయింది. చీకిన పటాన్ని పెంట మీద పారవేయరు. మనిషికి చేసినట్టే క్రియలు చేసి గోదావరికి అప్పగిస్తారు. కొత్త పటం సిద్ధమైందన్న కబురు అందీ అందగానే దుర్గయ్య వెల్గటూరు దగ్గర ఏటిలో పాతదాన్ని సాగనంపి, తలకు పోసుకుని వచ్చాడు. ఇక ఆయన ఇంటిల్లిపాదికీ కథ చెప్పుకోవడానికి మిగిలింది ఇదొక్కటే. కథకు ఒప్పుకున్న ఊళ్లు ఎదురుచూస్తున్నాయి. పటానికి నీళ్లు తాకాయా, గంజితో పుట్టింది కనుక మళ్లీ గంజిలోనే కలుస్తుంది.

అందులో మిగిలిన పని ఒక్కటే: కాటమయ్యకు కనుపాపలు. అవి అన్నిటికన్నా చివరన, దుర్గయ్య ఇంట్లో, ఉపవాసంతో, పటం చేతులు మారే ముహూర్తాన పెట్టవలసినవి. అంతవరకూ అది బొమ్మ. ఆ తరువాత దేవుడు.

ఈ మర్యాద సంగతి సమితి అధ్యక్షుడు రాజలింగం చెవిని ఎలాగో పడింది. ఆయన కళాసార్వభౌముడు. ఆ బిరుదును ఆయనకు సమితి ప్రదానం చేసింది. సమితికి అధ్యక్షుడూ కార్యదర్శీ ఆయనే కనుక తీర్మానం ఏకగ్రీవమైంది. దేవుడికి కనుపాపలు ప్రధాన అతిథి పవిత్ర హస్తాలతో పెట్టించాలని, ఆపై దుర్గయ్య వేదిక మీద కథ చెప్పాలని ఆయన సంకల్పించాడు. వేదిక అన్న మాటకు దుర్గయ్య కరిగిపోయాడు. వేదిక అంటే ఏ కళాకారుడికైనా కల్లుకుండ వంటిదే, ముందే మత్తు. పటం ఆయనది కనుక, వేసినవారికి కాదనే హక్కు లేదు.

పైగా, నిలువుగా చూపవలసిన పటాన్ని కెమెరాలో ఒక్కసారే పట్టాలన్న ఆశతో రాజలింగం అడ్డంగా కట్టించాడు. మూడు స్టాళ్ల పొడవునా తాడు లాగి, బట్టల క్లిప్పులతో బిగించారు. దేవతలందరూ పక్కవాటుగా పవళించారు. తాటిచెట్టు ఎక్కుతున్న కాటమయ్య ఇప్పుడు నేల మీద పాకుతున్నట్టున్నాడు. లస్మవ్వ దాన్ని చూసినప్పుడల్లా తల పక్కకు వంచి, మెడ పట్టేసి, మళ్లీ నిటారుగా చేసుకుంటూ ఉంది.

"సారు కొండగట్టు దాటిండు!" మైకులో రాజలింగం గర్జించాడు. "ఎవ్వరు కదలొద్దు. ఒక్క బొమ్మ గూడ జరుగొద్దు."

ఉదయం నుంచీ సారు ఆ ఆంజనేయుడి కొండగట్టు దాటుతూనే ఉన్నాడు.

"ఏమయ్యా రాజలింగం," లస్మవ్వ స్టాల్లోంచే కేకేసింది, "గా సారు కొండగట్టు దాటుతుండా, లేకుంటే అంజన్న లెక్క కొండనే ఎత్తుకోనొస్తుండా?"

పక్క స్టాళ్లలో నవ్వులు లేచాయి. రాజలింగం వేదిక దిగి వచ్చాడు. తెల్లని లాల్చీ వీపుకు అంటుకుపోయి ఉంది. భుజాన సన్మానపు శాలువాల మూట.

"అవ్వా, పెద్దదానివి, ఊకో. గీ జాగ ఇప్పిచ్చింది సారు. కరెంటు ఇప్పిచ్చింది సారు."

"ఎండ గూడ సారే ఇప్పిచ్చిండా, బిడ్డా?"

అంతలో పక్క స్టాలు మహేశ్ ఫోను చెవికి ఆనించుకునే పరుగెత్తుకొచ్చాడు. కోరుట్లలో ప్లాస్టర్ బొమ్మలు పోసేవాడు. బుద్ధుడూ, ఏనుగూ, విరగబూసిన గులాబీ, అన్నీ ఒకే బంగారు రంగులో అతని బల్ల మీద కొలువుతీరి ఉన్నాయి.

"అన్నా, కోరుట్లల రాళ్లవాన పడుతుందట! నిమ్మకాయలంత రాళ్లట. మా ఇంటి రేకులు లేసిపోయినయని మా ఆమె ఏడుస్తుంది. గాలి ఇటే వస్తుందట. స్టాళ్లు సదురుకుంటమన్నా."

రాజలింగం పడమటికి చూశాడు. పడమట సారు ఉన్నాడు. ఆయన వెనుక ఆకాశం ఉన్నా కనిపించదు.

"కోరుట్లల పడితే కోరుట్ల తడుస్తది," అని ఆయన తీర్పు చెప్పాడు. "గిది జగిత్యాల. సారు అచ్చేవరకు స్టాళ్లు ఖాళీ ఉంటె నా ఇజ్జత్ ఏంగావాలె? టీవీ అన్నలు ఏం జూపాలె, గుంజలు జూపాల్నా?"

స్వరూప లేచి నిలబడింది. ఆమె స్టాలుకు ఎడమన ఫ్లెక్సీ అంచు దాటి పడమటి దిక్కు రవంత కనిపిస్తుంది. ఆ రవంతలోనే ఇటుక రంగు దుమ్ము గోడలా లేచి ఉంది. దాని పైన నలుపు. కొంగలు వరుస తప్పి తూర్పుకు ఎగిరిపోతున్నాయి. వాటిని ఎవరూ ప్రధాన అతిథి కోసం ఆగమన్నట్టు లేదు.

"సారూ, పటం చుట్టాల్నంటె నిమిషంల పని గాదు," అంది ఆమె. "మడత మడతకు నడుమ పాత గుడ్డ పెట్టుకుంట, మెల్లగ చుట్టాలె. గుంజి చుడితె పూత పలుగుతది. ఇప్పుడు షురూ జేస్తెనే ఒడుస్తది."

"చెల్లే, కనుపాపలు పెట్టకముందే చుట్టేస్తె సారు అచ్చి ఏం జెయ్యాలె? నా కండ్లకు పెట్టాల్నా?"

"అయితె ఫ్లెక్సీకన్న కోతలు పెట్టియ్యి. పొద్దుగాల టెంటాయన నెలవంకల లెక్క కోత్తనంటె నువ్వే కత్తి గుంజుకున్నవట. గాలి పోయే తొవ్వ లేదు. గుంజలన్ని దానికే కట్టిన్రు. అది లేస్తె అన్ని లేస్తయి."

రాజలింగం రెండు చెవులూ మూసుకున్నాడు. శివద్రోహం విన్న భక్తుడు కూడా అంత నిష్ఠగా మూసుకోడు.

"ముఖానికి కోతలా! సారు ముఖానికి! ఏమన్న ఎర్కుండే మాట్లాడుతున్నవా? మొన్న ఒక పిల్లగాడు మేకను కట్టి ఫ్లెక్సీ మూల చింపిండని ఊరంత ధర్నా జేసిన్రు. నన్ను బతుకనిత్తరా?"

ఆయన గొంతులో భయం నిజమైనదే. అది తెలిసి స్వరూపకు జాలి కలగవలసింది; కలగలేదు. వాంతి వచ్చే ముందు నోట్లో ఊరే నీరు లాంటిదేదో ఊరింది. ఒక మనిషి ఇంత ఎండలో, ఇంత దుమ్ములో, ఒక బొమ్మకు ఇంతగా వణకడం! తాను వేసే బొమ్మలకు కూడా జనం దండం పెడతారు కాని, మేకలను చూసి వాటి కోసం వణకరు.

"దుర్గయ్య మామా," అంది ఆమె, అక్కడే గొంగడి పరుచుకుని కూర్చున్న వృద్ధుడితో, "పటం నీది. నువ్వు చెప్పు. చుట్టాల్నా, ఉంచాల్నా?"

దుర్గయ్య వేదిక వైపు చూశాడు. అక్కడ ఆయన కోసం నిలబెట్టిన మైకు ఉంది. జీవితంలో ఆయన గొంతు మైకు ఎరగదు. పడమట ఉరిమింది. ఆయన మరోసారి మైకును చూసి, తలపాగా విప్పి నడుముకు బిగించాడు.

"చుట్టు బిడ్డా. వేదికకేముంది, ఎడ్లబండి గూడ వేదికనే. పటం లేకుంటె నేను వట్టి ముసలోన్ని."

రాజలింగం అడ్డం రాబోయాడు. లస్మవ్వ నడుము సంచిలోంచి కత్తెర తీసి గోళ్లు చూసుకోసాగింది. ఆయన దారి మార్చి, మైకు వద్దకు వెళ్లి, వర్షం అనేది వదంతి మాత్రమేనని ప్రకటించాడు.

ఆ ప్రకటన పూర్తికాలేదు. గాలి ముందు మైకును లాక్కుంది.

మైదానం మీద ఎండ ఆరిపోయింది. ఎవరో తలుపు తెరిచినట్టు చల్లటి ఊపిరి వచ్చి, వెంటనే దుమ్ము ముంచెత్తింది. ఖాళీ కుర్చీలు సభామర్యాద మరిచి ఒకదానిమీదొకటి ఎక్కి పరుగెత్తాయి. స్వాగత తోరణం మహేశ్ బల్ల మీద సాష్టాంగపడింది. బుద్ధుడూ ఏనుగూ గులాబీ ఏకమై సున్నమయ్యాయి. ఇక ఫ్లెక్సీ! పడమటి గాలిని అది నిండారా పీల్చుకుని లోపలికి ఉబ్బింది. సారు బుగ్గలు పూరించాడు. సారు ముక్కు స్టాల్లోకి పొడుచుకొచ్చి పటానికి తగిలింది. దానికి కట్టిన గుంజలు కిర్రుమని, నేలలోంచి బెత్తెడు లేచి, మళ్లీ దిగాయి.

దుర్గయ్య ఒక చివర నుంచి చుడుతున్నాడు, స్వరూప క్లిప్పులు ఊడబెరుకుతూ మడతకొక గుడ్డ అందిస్తూ ఉంది. సగం కూడా కాలేదు. గుంజ మళ్లీ లేచింది. ఈసారి దాని మొదట్లోని గుట్కా మరక మోకాలి ఎత్తున కనిపించింది. చట్రం లేచిపోతే తాడు తెగుతుంది, తాడుతో పటం ఎగురుతుంది, ఎగిరింది వానలో పడుతుంది. ఆ వరుస ఆమె కళ్లముందు గడి గడిగా కనిపించింది.

"అత్తా, కత్తెర!"

లస్మవ్వ కత్తెర ఇచ్చేసింది. సామాను తెచ్చిన ఇనుప పెట్టెను కాలితో ముందుకు నెట్టి, దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. స్వరూప పెట్టె ఎక్కింది.

ఎక్కడ కోయాలి? తాడుకు కింద కోస్తే వాన నేరుగా పటం మీద పడుతుంది. పైన కోయాలి, గాలి తలల మీదుగా పోవాలి. ఆమె చేతికి అందే ఎత్తులో, తాడుకు పైన, ఉబ్బు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నచోట, సారు కళ్లు ఉన్నాయి.

"చెల్లే!" రాజలింగం శాలువాల మూటను గుండెకు హత్తుకుని వేదిక కిందినుంచి అరిచాడు. "కండ్లొద్దు! కావాల్నంటె చెవు కొయ్యి! చెవు కొయ్యవే!"

చెవులు ఆమెకు అందవు. బీడీ ఆకుల కోసం పుట్టిన కత్తెర ముందు తడబడింది. తరువాత, అదీ ఒక ఆకే అనుకుందేమో, మెత్తగా దిగింది. స్వరూప చేయి తనకు తెలియకుండానే తెలిసిన వంపు తిరిగింది. కంటి కింది గీత. ఇన్నాళ్లూ దేవతలకు గీసిన గీతే. కుడి కన్ను నెలవంకలా తెగి రెపరెపలాడింది. పెట్టె మీద జరిగి రెండోదీ కోసింది. ఆ రెండు కంతల్లోంచి గాలి ఈల వేస్తూ దూసుకుపోయింది. ఉబ్బిన ముఖం చప్పబడింది. గుంజ నేలలోకి దిగి నిలిచింది.

వెంటనే రాళ్లు పడ్డాయి. సారు కళ్లలోంచి తెల్లటి వడగళ్లు స్టాల్లోకి రాలాయి. ఇంత ధారాళంగా ఆ కళ్లు ఎవరి కోసమూ నీళ్లు పెట్టి ఉండవు. స్వరూప పెట్టె దిగి తాడు వద్దకు పరుగెత్తింది. భుజాల మీద, వీపు మీద రాళ్లు కొడుతున్నాయి. క్లిప్పు, గుడ్డ, మడత. క్లిప్పు, గుడ్డ, మడత. చివరి గడిలో కాటమయ్య ఉన్నాడు, కళ్లలో ఇంకా తెల్లని శూన్యం. దాని అంచు మీద ఒక రాయి పడి, కరిగి, ఎరుపును బెత్తెడు మేర ఈడ్చింది. ఆమె పళ్లు కొరికి మడిచేసింది. దుర్గయ్య పటాన్ని ఒడిలోకి తీసుకుని, దాని మీద గొంగడి, గొంగడి మీద తానూ వంగిపోయాడు. లస్మవ్వ ఆయన మీద రేకు పళ్లెం ఒకటి పట్టింది. దాని మీద రాళ్లు దరువేశాయి.

"దుర్గయ్యా, గిదేనయ్యా నీ డప్పు," అంది లస్మవ్వ. "కథ మొదలువెట్టు."

కాసేపటికి వాన తెరిపిచ్చింది. మైదానం ఒక పెద్ద అంబలి గిన్నె. అందులో కాన్వాసులు, బురదలో బంగారు గులాబీలు, బిర్యానీ పొట్లాలు, సున్నం. కుడివైపు స్టాళ్లన్నీ పడుకున్నాయి. కోతలు పడిన చోట నడిమి మూడూ నిలిచాయి. మహేశ్ బురదలోంచి బుద్ధుడి తల ఒకటి ఏరుకుని, దేనికి అతికించాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు. అతని వద్దకు ఎవరూ పోలేదు. సమితి సభ్యులందరూ రహదారి వైపు వెళ్లి ఫ్లెక్సీ ముందు నిలబడి తలలు పట్టుకున్నారు.

రాజలింగం తిరిగి వచ్చాడు. శాలువాల మూట మీద ఒక్క చుక్క లేదు.

"సారు ఫోన్ జేసిండు," అన్నాడు నీరసంగా. "వాన ఎలిసినంక ఒక్క నిమిషం అచ్చిపోతడట. చెల్లే, నీ కాళ్లు మొక్కుత. తెల్లటి ఫ్లెక్సీ ముక్కలు తెచ్చి ఎనుకనుంచి అతికిస్తం. నువ్వు కుంచె పట్టుకొని రెండు కనుపాపలు పెట్టు. ఎట్లైన నీ చేతుల పనే గద. ఎవ్వరికి తెల్వది."

స్వరూప ఆయనను చూసింది. మహేశ్ చేతిలోని బుద్ధుడి తలను చూసింది. ఫ్లెక్సీ మీది ముఖం వెనుక వైపు నుంచి, రెండు కంతల్లోంచి, ఖిల్లా మీది ఆకాశం కనిపిస్తూ ఉంది. ఉదయం నుంచీ ఆ మైదానంలో ఆమె చూసిన వాటిలో అదొక్కటే కడిగినట్టుంది.

"మా పనిల కనుపాప పెట్టినంక బొమ్మకు పానం అస్తది సారూ," అంది. "గా పాపం నాకొద్దు."

"గట్లంటె ఎట్ల!"

"అంతగనం కావాల్నంటె సారు అచ్చినంక ఆ కంతలల్ల నుంచి ఆయన్నే జూడుమను."

మళ్లీ చినుకులు మొదలయ్యాయి. సిరిసిల్ల ట్రాలీ ఆటో వచ్చి గేటు వద్ద ఆగింది. దానికి పైకప్పు లేదు; పైన కప్పడానికి తెచ్చిన బరకం ఎక్కడికో ఎగిరిపోయింది. గొంగడి తడిసి ముద్దయింది. నీళ్లను లోపలికి రానివ్వని వస్తువు ఏదైనా ఉందా అని స్వరూప మైదానమంతా కలయజూసింది. ఉంది. ఒక్కటే ఉంది.

ఆమె కత్తెర తీసుకుని ఫ్లెక్సీ వద్దకు నడిచింది. ముక్కు కిందనుంచి మొదలుపెట్టి, మీసం కలుపుకుని, గడ్డం చివరిదాకా, తీరిగ్గా, చదరంగా కోసింది. రాజలింగం ఈసారి అరవలేదు. బురదలో చతికిలబడి, "నవ్వును గూడనా... నవ్వును గూడనా..." అని గొణిగాడు.

"కండ్లు లేని నవ్వు దేనికయ్యా," అంది లస్మవ్వ. "పిల్లలు దడుసుకుంటరు."

పటాన్ని ఆ నవ్వులో రెండు చుట్లు చుట్టి, బీడీ కట్టల దారంతో కట్టారు. దుర్గయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని ట్రాలీలో కూర్చున్నాడు. అత్తాకోడళ్లు అటూ ఇటూ.

కొండగట్టు మలుపు వద్ద ఎదురుగా సైరన్లు వినిపించాయి. తెల్లని కార్లు వరుసగా వచ్చాయి. అద్దాలన్నీ నల్లగా మూసి ఉన్నాయి. సారు ఎట్టకేలకు కొండగట్టు దాటుతున్నాడు. దారి పక్క గుంతలో నిలిచిన బురదనీటిని కార్లు ఒకదాని తరువాత ఒకటి ట్రాలీ మీదికి ఎత్తిపోశాయి. ముగ్గురూ తలనుంచి కాలిదాకా ఎర్రమట్టి బొమ్మలయ్యారు. దుర్గయ్య ఒడిలో సారు పళ్ల వరుస మీదుగా బురద చిక్కగా కారింది.

స్వరూప గబగబా ఒక మడత ఎత్తి, చేయి లోపలికి పోనిచ్చి తడిమింది. గుడ్డ పొడిగా, వెచ్చగా, గరుకుగా తగిలింది. చింతగింజల వాసన వచ్చింది. ఆమె చేయి బయటికి తీసి, ఉదయం నుంచీ గొంతులో అడ్డుపడి ఉన్నదంతా దారి పక్కకు ఉమ్మేసింది.

దుర్గయ్య పైపంచె కొసతో ఆ నవ్వు మీది బురద తుడవబోయాడు.

"ఉండనియ్యి," అని లస్మవ్వ ఆయన చేయి పట్టుకుంది. "రేపు నీ ఇంట్ల కాటమయ్యకు కనుపాపలు వెట్టినంక, గీ ముక్క మా బర్రెల కొట్టం దడికి కట్టుకుంట. ఆడ ఎట్లైన పెండనే పడతది దాని మీద."